ఒకరికి సీటొచ్చింది, ఇద్దరూ వెళ్లాలి: ఊరు ఎలా ఎంచుకోవాలి

మా ఆవిడకి పీహెచ్‌డీ అడ్మిట్లు వచ్చిన రాత్రి మేం చేసిన మొదటి పని ఫోన్‌లో యూనివర్సిటీల ర్యాంకులు చూడటం. చేతిలో నాలుగు అడ్మిట్లున్నాయి. వాటిలో పెద్ద ర్యాంకు ఉన్నదానికి వారం తిరక్కుండానే ఒప్పుకున్నాం. అది అమెరికా నడిమధ్యలో ఒక చిన్న ఊరు. ఆమెకి గైడ్, ల్యాబ్, స్టైపెండ్ అన్నీ బాగా కుదిరాయి. నాకు ఎఫ్-2, అంటే విద్యార్థికి తోడుగా వెళ్లేవాళ్లకిచ్చే వీసా, వచ్చింది. పటాన్‌చెరులో తొమ్మిదేళ్లు మెకానికల్ ఇంజినీరుగా పని చేసిన నేను, అక్కడ రెండేళ్లు ఒక్క డాలరు సంపాదించే హక్కు లేకుండా ఉన్నాను.

ఆ రెండేళ్లలో మా ఇద్దరికీ వచ్చిన గొడవల్ని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, చాలావాటి మూలం ఆ వారంలో మేం వేసుకోని ఒక ప్రశ్న దగ్గరే ఉంది. తోడుగా వెళ్లే మనిషి అక్కడ సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఏం చేస్తారు? ఊరు ఎంచుకునేటప్పుడు ముందు దీనికి జవాబు వెతకండి, ర్యాంకులు తర్వాత చూసుకోవచ్చు. ఎలా వెతకాలో వరసగా చెప్తాను.

1. ముందు విడివిడిగా రాసుకోండి

ఒక ఆదివారం ఫోన్లు పక్కన పెట్టి, చెరొక గదిలో కూర్చుని చెరొక కాగితం మీద రాయండి. ఐదేళ్ల తర్వాత ఏ పని చేస్తూ ఉండాలనుకుంటున్నారు? ఉద్యోగం లేకుండా ఎన్ని నెలలు ఉండగలరు? పిల్లల్ని ఎప్పుడు కనాలనుకుంటున్నారు? అమ్మానాన్నల్లో ఎవరి ఆరోగ్యం గురించి బెంగ ఉంది, ఏడాదికి ఒకసారైనా రావాల్సి ఉంటుందా? చదువయ్యాక తిరిగొచ్చేయాలని ఉందా, అక్కడే ఉండాలని ఉందా? ఏ ఒక్కటి లేకపోతే మీరు ఆ ఊళ్లో బతకలేరు?

రాశాక కాగితాలు మార్చుకోండి. అవతలి వాళ్లది పూర్తిగా చదివేదాకా మధ్యలో మాట్లాడకండి.

విడివిడిగా ఎందుకంటే, సీటొచ్చిన మనిషి సంతోషంలో ఉంటారు. ఆ సంతోషం ముందు రెండో మనిషి తన మనసులో మాట చెప్పలేక "నీ ఇష్టం" అనేస్తారు. నేనూ అదే అన్నాను. ప్రేమతోనే అన్నాను. కానీ దయచేసి ఈ విషయంలో "నీ ఇష్టం" అనే మాటని జవాబుగా తీసుకోకండి. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, "ఆ రోజు నువ్వు ఒక్కసారి కాదని ఉంటే ఆగి ఆలోచించేదాన్ని" అని.

2. తోడుగా వెళ్లే మనిషి వీసా ఏం చేయనిస్తుందో చూడండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందుకే ఎక్కువ చెప్తాను. ఒక పెద్ద కాగితం తీసుకుని ఎడమ పక్కన అడ్మిట్ వచ్చిన దేశాలు రాయండి. ఎదురుగా మూడు గళ్లు గీయండి: తోడుగా వెళ్లే మనిషి మొదటి రోజు నుంచే వెళ్లొచ్చా, ఉద్యోగం చేయొచ్చా, చదువుకోవచ్చా.

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి భార్యకైనా భర్తకైనా ఎఫ్-2 వీసా ఇస్తారు. దాని మీద ఉద్యోగం చేయకూడదు. క్యాంపస్‌లోనూ బయటా ఏ పనికీ వీల్లేదు. 2015లో వచ్చిన మార్పు తర్వాత గుర్తింపు ఉన్న కాలేజీల్లో పార్ట్‌టైమ్‌గా చదువుకోవచ్చు. పూర్తిస్థాయి డిగ్రీ చేయాలంటే మాత్రం సొంతంగా ఎఫ్-1కి మారాల్సిందే. నేను చివరికి అదే చేశాను. రెండేళ్ల తర్వాత అదే యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ మాస్టర్స్‌కి అసిస్టెంట్‌షిప్, అంటే డిపార్ట్‌మెంట్‌లోనే పని చేస్తూ చదువుకునే అవకాశం, దొరికింది. చలికాలం సెలవుల్లో హైదరాబాద్ వచ్చి, నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ చేయించుకుని వెళ్లాను. మొదటి ఏడాదే దరఖాస్తు పెట్టి ఉంటే బాగుండేది.

"ఇండియా కంపెనీకి ఇంట్లోంచి ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటే ఎవరికి తెలుస్తుంది" అని మీకు చాలామంది సలహా ఇస్తారు. నాకూ ఇచ్చారు. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా ఆ దారిలో వెళ్లకండి. రేపు హెచ్-1బీకో గ్రీన్ కార్డుకో దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ రెండేళ్లు ఏం చేశారో రాసి సంతకం పెట్టాల్సి వస్తుంది. గుళ్లోనో లైబ్రరీలోనో నిజమైన స్వచ్ఛంద సేవ చేయడానికి అడ్డు లేదు. నేను ఊరి లైబ్రరీలో వారానికి రెండు రోజులు వెళ్లేవాణ్ని. ఆ రెండు రోజులే నన్ను నిలబెట్టాయి.

అమెరికాలోనే ఇంకో దారి జె-1, అంటే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా. యూనివర్సిటీ నుంచో మరో సంస్థ నుంచో ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీ విద్యార్థి కొన్నిచోట్ల ఎఫ్-1కి బదులు జె-1 మీద వెళ్లొచ్చు. అప్పుడు తోడు వెళ్లేవాళ్లకి జె-2 వస్తుంది. దాని మీద వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. జె-1 అనగానే "రెండేళ్లు ఇండియాకి తిరిగెళ్లి ఉండాలి" అన్న భయం ఉండేది. 2024 డిసెంబరులో ఆ షరతుకి సంబంధించిన నైపుణ్యాల జాబితా నుంచి ఇండియాని తీసేశారు. అయితే ఫుల్‌బ్రైట్ లాంటి ప్రభుత్వ డబ్బుతో వెళ్తే షరతు ఇప్పటికీ ఉంటుంది. ఇంకో సంగతి, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సులు చేసిన ఎఫ్-1 వాళ్లకి ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసుకునే అనుమతి, 12 నెలలు, పైన 24 నెలల పొడిగింపు ఉంటాయి. జె-1కి ఆ పొడిగింపు లేదు, అకడమిక్ ట్రైనింగ్ అని వేరే పద్ధతి ఉంటుంది. మాకు ఈ దారి గురించి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మీరు అడ్మిట్ రాగానే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి "నా విషయంలో జె-1 కుదురుతుందా" అని అడగండి.

కెనడాలో 2025 జనవరి 21 నుంచి నిబంధన మారింది. మాస్టర్స్ కోర్సు 16 నెలలు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే తోడు వెళ్లేవాళ్లకి ఓపెన్ వర్క్ పర్మిట్, అంటే ఏ కంపెనీలోనైనా పని చేసుకునే అనుమతి, ఇస్తారు. పీహెచ్‌డీకీ కొన్ని ప్రొఫెషనల్ కోర్సులకీ కూడా ఇస్తారు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఫీజు తక్కువ, త్వరగా అయిపోతుంది అని ఏడాది మాస్టర్స్ తీసుకుంటారు. విద్యార్థికి చదువయ్యాక మూడేళ్ల వర్క్ పర్మిట్ రావచ్చు, కానీ ఆ చదివే ఏడాది జీవిత భాగస్వామికి పని హక్కు ఉండదు. కోర్సు ఎన్ని నెలలో ఆఫర్ లెటర్‌లో చూసుకోండి. కన్సల్టెన్సీ వాళ్ల నోటి మాట మీద ఆధారపడొద్దు.

బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ చదివేవాళ్లు భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకెళ్లలేరు. ముఖ్యంగా పీహెచ్‌డీ, రీసెర్చ్ డిగ్రీల వాళ్లకే ఆ వీలు. కాబట్టి అక్కడ ఏడాది మాస్టర్స్ అంటే ఆ ఏడాది విడిగా ఉండటమేనని ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి.

ఆస్ట్రేలియాలో మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థుల జీవిత భాగస్వామి, కోర్సు మొదలయ్యాక, గంటల పరిమితి లేకుండా పని చేయొచ్చు. మామూలు మాస్టర్స్ విద్యార్థికి మాత్రం చదువు నడిచే రోజుల్లో రెండు వారాలకి 48 గంటలే, పీహెచ్‌డీ, రీసెర్చ్ మాస్టర్స్ వాళ్లకి ఈ పరిమితి లేదు. మొదటి దరఖాస్తులో భార్యనో భర్తనో తప్పకుండా చూపించాలి. "ఇప్పుడు నేనొక్కదాన్నే వెళ్తున్నాగా" అని వదిలేస్తే తర్వాత పిలిపించుకోవడం కష్టమవుతుంది.

జర్మనీలో కుటుంబ వీసా మీద వెళ్లినవాళ్లకి పని చేసే హక్కు ఉంటుంది. అయితే మామూలుగా వెళ్లే ముందు జర్మన్ భాషలో మొట్టమొదటి స్థాయి ఏ1 పరీక్ష పాసవ్వాలి. విద్యార్థి వైపు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు నిజమైనవేనని తేల్చేది), ఏడాదికి 11,904 యూరోల బ్లాక్డ్ అకౌంట్ (ముందే డబ్బు వేసి నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) అడుగుతారు. హక్కు ఉండటం ఒకటి, ఉద్యోగం దొరకడం ఇంకొకటి. ఐటీ కాకుండా నర్సింగో టీచింగో అకౌంట్సో చేసేవాళ్లకి ఏ1 సరిపోదు, అంతకన్నా చాలా ముందుకెళ్లాలి. అడ్మిట్ వచ్చిన రోజే భాష మొదలుపెట్టండి. ఒక మాట చెప్పాలి: పీహెచ్‌డీకైతే జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్ లాంటి దేశాల్లో చాలాసార్లు మీకు ఉద్యోగ కాంట్రాక్టు, జీతం ఉంటాయి, ఫీజు బాధ ఉండదు. అమెరికా ఒక్కటే లెక్కలో పెట్టుకున్న జంటలు వీటిని కూడా తమ కాగితంలో చేర్చుకోవాలని నా కోరిక.

ఈ నిబంధనలన్నీ మారుతూ ఉంటాయి. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించినప్పుడు ఎన్ని ఇళ్లల్లో టెన్షన్ పడ్డారో మనకి తెలుసు. కాబట్టి సీటుకి ఒప్పుకునే వారంలో ఆయా ప్రభుత్వాల సొంత వెబ్‌సైట్లలో మళ్లీ ఒకసారి చూడండి. నేను రాసింది మీ కాగితానికి మొదటి గీత మాత్రమే.

3. యూనివర్సిటీతో పాటు ఊరిని కూడా చదవండి

ఒకే యూనివర్సిటీ మీద బతికే ఊళ్లు అమెరికాలో బోలెడు. పెన్సిల్వేనియాలో స్టేట్ కాలేజ్, అయోవాలో ఏమ్స్, టెక్సాస్‌లో కాలేజ్ స్టేషన్ అలాంటివే. అర్బనా-షాంపేన్ నుంచి షికాగోకి రెండు గంటలకి పైగా డ్రైవ్. విద్యార్థికి ఇవి చక్కని ఊళ్లు. అద్దె తక్కువ, క్యాంపస్ పక్కనే ఇల్లు, చదువుకోవడానికి ప్రశాంతత. రెండో మనిషికి మాత్రం ఉద్యోగం దొరకాలన్నా చదవాలన్నా ఆ ఒక్క యూనివర్సిటీయే దిక్కు.

ఇంకో రకం ఊళ్లు ఉన్నాయి, ఒక చుట్టుపక్కలే నాలుగైదు యూనివర్సిటీలు, కంపెనీలు, ఆసుపత్రులు ఉండేవి. బోస్టన్ అందులో ముందుంటుంది, రైలెక్కితే ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి వెళ్లొచ్చు. నార్త్ కరోలినాలో డర్హమ్‌లో డ్యూక్, చాపెల్ హిల్‌లో యూఎన్‌సీ, రాలీలో ఎన్‌సీ స్టేట్ ఉంటాయి. ఈ మూడింటి మధ్య కారులో అరగంట, ముప్పావుగంట. అట్లాంటాలో జార్జియా టెక్, జార్జియా స్టేట్ ఒకే నగరంలో ఉన్నాయి. డల్లాస్ చుట్టూ యూటీ డల్లాస్, ఆర్లింగ్టన్, డెంటన్ ఉన్నాయి, మన తెలుగువాళ్లు పుష్కలం. పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్, పిట్ పక్కపక్కనే. కెనడాలో టొరంటో ఇలాంటిదే. మాంట్రియల్‌లో మెక్‌గిల్, కాంకార్డియా ఇంగ్లిష్‌లో చదువు చెప్తాయి గానీ, బయట ఉద్యోగానికి చాలాచోట్ల ఫ్రెంచ్ కావాలి. రెండో మనిషి వైపు నుంచి చూస్తే ఇది పెద్ద తేడా.

నా సలహా సూటిగా చెప్తాను. ఒకరికే సీటొచ్చి, రెండోవాళ్లకి ఉద్యోగమో చదువో కావాలనుకుంటే, కొంచెం తక్కువ ర్యాంకైనా పెద్ద ఊళ్లో ఉన్న యూనివర్సిటీని ఎంచుకోండి. ఒక్క మినహాయింపు పీహెచ్‌డీ గైడ్. ఐదారేళ్లు మీ జీవితం ఆ మనిషి చేతుల్లో ఉంటుంది. గైడ్ మంచివాడైతే చిన్న ఊరైనా ఆలోచించొచ్చు. అందుకే ఒప్పుకునే ముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడు చదువుతున్న ఇద్దరితో, చదువు ముగించి వెళ్లిపోయిన ఒకరితో మాట్లాడండి. వాళ్లల్లో పెళ్లైనవాళ్లుంటే వాళ్ల భార్యతోనో భర్తతోనో మీలో తోడుగా వెళ్లే మనిషే మాట్లాడాలి. "మీ రోజు ఎలా గడుస్తుంది?" అని అడగండి. జవాబు చెప్పే ముందు వాళ్లు ఎంతసేపు ఆగుతారో గమనించండి.

ఊరి గురించి తెలుసుకోవాల్సిన చిన్న విషయాలు కూడా కొన్ని ఉన్నాయి. కారు లేకుండా కూరగాయలు తెచ్చుకోగలరా? మ్యాప్‌లో మీరు ఉండబోయే వీధి నుంచి కొట్టుకి నడక దారి పెట్టి చూడండి. జనవరిలో అక్కడ సగటున ఎంత చలి? సాయంత్రం ఎన్నింటికి చీకటి పడుతుంది? ఇది చిన్న విషయం అనుకోకండి. నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో, కారు నడపడం రాకుండా, పని లేకుండా ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎఫ్-2 వాళ్లకి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. డ్రైవింగ్ లైసెన్స్ కోసం చాలా రాష్ట్రాల్లో ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లి "ఈయనకి నంబరు రాదు" అని లెటర్ రాయించుకుని తెచ్చుకోవాలి. వెళ్లిన వారంలోనే ఆ పని పూర్తి చేసుకోండి. నేను ఆర్నెల్లు ఆలస్యం చేశాను.

ఇండియాలో ఉండిపోవడం కూడా ఆ కాగితంలో ఒక గడిగా ఉండాలి. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ ఉంది. బెంగళూరులో ఐఐఎస్సీ ఉంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. భార్యకో భర్తకో ఇక్కడే మంచి ఉద్యోగం ఉంటే, ఆ ఉద్యోగం పోకుండా చదువు పూర్తవుతుంది. చుట్టాలు ఏమనుకుంటారో అని ఈ గడి కొట్టేయకండి.

4. ఇద్దరూ చదవాలనుకుంటే

అప్పుడు యూనివర్సిటీలకన్నా ముందు ఊళ్లు ఎంచుకోండి. ఐదారు నగరాలు రాసుకుని, ఒక్కో నగరంలో ఇద్దరి సబ్జెక్టులకీ సరిపోయే కోర్సులు వెతికి, ఇద్దరూ అక్కడే దరఖాస్తు పెట్టండి. అమెరికా పీహెచ్‌డీ దరఖాస్తులకి చాలావరకు డిసెంబరే గడువు. ఫిబ్రవరి, మార్చిలో జవాబులు వస్తాయి. ఫండింగ్‌తో ఇచ్చిన సీటుకి ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదని అక్కడి చాలా యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంది. ఆ తేదీ దాకా ఆగే హక్కు మీకుంది.

ఒకరికి అడ్మిట్ వచ్చి రెండోవాళ్ల దరఖాస్తు అదే యూనివర్సిటీలోనో పక్క యూనివర్సిటీలోనో పెండింగ్‌లో ఉంటే, అడ్మిట్ ఇచ్చిన డిపార్ట్‌మెంట్‌కి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. "నా భర్త ఫలానా విభాగంలో దరఖాస్తు పెట్టారు, మేం కలిసి రావాలనుకుంటున్నాం, ఆ దరఖాస్తు ఏ స్థితిలో ఉందో తెలుసుకునే వీలుంటుందా" అని. అలా అడిగితే సీటు పోదు, సీటు ఇచ్చాక అడగడంలో తప్పేమీ లేదు. దరఖాస్తు వ్యాసంలోనే ఈ సంగతి రాయొద్దు, అడ్మిట్ వచ్చాకే చెప్పండి.

5. డబ్బు: ఒక్క జీతం మీద ఇద్దరు

మాస్టర్స్ అయితే లోన్, పీహెచ్‌డీ అయితే స్టైపెండ్. రెండిటికీ లెక్క వేరు.

పీహెచ్‌డీ ఆఫర్ లెటర్‌లో మూడు విషయాలు వెతకండి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? ఫీజు మినహాయింపు పోగా సెమిస్టర్‌కి ఇంకా కట్టాల్సిన ఫీజులు ఎంత? భార్యకో భర్తకో హెల్త్ ఇన్సూరెన్స్ ఎంత? మూడోదే చాలామందిని దెబ్బ తీస్తుంది. విద్యార్థి ఇన్సూరెన్స్‌లో యూనివర్సిటీ పెద్ద వాటా కడుతుంది, డిపెండెంట్‌ది చాలాచోట్ల మనమే మొత్తం కట్టుకోవాలి. నెలకి చేతికి 2,200 డాలర్లు వస్తుందనుకోండి. అద్దె, కరెంటు 1,100, మీ ఇద్దరి తిండి 450, రెండోవాళ్ల ఇన్సూరెన్స్ 300, ఫోన్లు, బస్సు, చిన్న ఖర్చులు 200 అనుకుంటే మిగిలేది 150. ఇండియా టికెట్ అందులోంచే రావాలి. మీ ఊరి అసలు అంకెలు వేసి ఈ లెక్క మీరే చేయండి.

లోన్ అయితే చదివే రోజుల్లో కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి. 40 లక్షలు 10 శాతానికి తీసుకుంటే ఏడాదికి వడ్డీయే 4 లక్షలు, అంటే నెలకి 33 వేల పైచిలుకు. ఇద్దరూ ఒకేసారి లోన్ మీద మాస్టర్స్‌కి వెళ్లడం నాకు భయంగా ఉంటుంది. ఇంటి కాగితాలు రెండు లోన్లకీ ష్యూరిటీ పెట్టి, ఇద్దరికీ ఉద్యోగం రాకపోతే ఆ భారం ఊళ్లో ఉన్న అమ్మానాన్నల మీద పడుతుంది. ఒకరు చదివి స్థిరపడ్డాక రెండోవాళ్లు మొదలుపెట్టడం మేలు. ఇండియాలో ఉద్యోగం చేసే భార్యో భర్తో తన పేరు మీద లోన్ తీసుకుంటే, పాత పన్ను విధానంలో జీవిత భాగస్వామి చదువు లోన్ వడ్డీ మీద కూడా ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంటుంది. ఇది చాలామందికి తెలీదు.

6. కాగితాలు

అన్నవరంలోనో యాదగిరిగుట్టలోనో పెళ్లి చేసుకుని ఆల్బమ్ ఉంది కదా అంటే సరిపోదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. ఆల్బమ్, శుభలేఖ ఇంటర్వ్యూకి తోడుగా పట్టుకెళ్లండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాల్సిన అవసరం లేదు. మనవాళ్లకి అసలు చిక్కు ఇంకోచోట ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో గుమాస్తా టైప్ చేసిన మూడో స్పెల్లింగు. వీటిని అడ్మిట్ రాకముందే పాస్‌పోర్టుకి సరిపోయేలా సరిచేయించుకోండి.

నిశ్చితార్థం అయ్యి, ముహూర్తం చదువు మొదలయ్యాక ఉన్న జంటలూ ఉంటారు. డిపెండెంట్ వీసాకి చట్టబద్ధమైన పెళ్లి కావాలి. పెద్దవాళ్లు ఒప్పుకుంటే ముందు రిజిస్టర్ పెళ్లి చేసుకుని తర్వాత ముహూర్తానికి తాళి కట్టుకోవచ్చు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద అయితే 30 రోజుల నోటీసు ఉంటుంది, ఆ నెల లెక్కలో పెట్టుకోండి. అమెరికాకైతే తోడు వెళ్లేవాళ్లకి విడిగా ఐ-20, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం, తీసుకోవాలి. దానికి విద్యార్థి అదనంగా బ్యాంకులో డబ్బు చూపించాలి. సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థకి కట్టేది) 350 డాలర్లు విద్యార్థికే ఉంటుంది, ఎఫ్-2కి ఉండదు.

7. పెద్దవాళ్లకి ఎప్పుడు చెప్పాలి

మీ ఇద్దరి మధ్యా తేలాక, వీసా దరఖాస్తుకి ముందు. అంతకన్నా ముందు చెప్తే నాలుగు ఇళ్ల అభిప్రాయాలు మీ కాగితం మీదకి వచ్చేస్తాయి. చెప్పేటప్పుడు ఇద్దరూ కలిసి కూర్చుని, రెండు వైపులా ఒకే మాట చెప్పండి.

భర్త డిపెండెంట్‌గా వెళ్తుంటే ఇంకాస్త ధైర్యం కావాలి. "అల్లుడు అక్కడ ఏం చేస్తాడు" అని మా మామగారు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆయన చెడుగా అడగలేదు, కూతురి బాగు కోరి అడిగారు. మొదటి రెండు అడుగులూ సరిగ్గా వేసిన జంటకి ఆ ప్రశ్నకి జవాబు ఉంటుంది: మొదటి సెమిస్టర్‌లో పార్ట్‌టైమ్‌గా ఫలానా కోర్సు, డిసెంబరులో దరఖాస్తులు, మరుసటి ఆగస్టులో ఎఫ్-1. ఇదే మాట భార్య తోడు వెళ్తున్నప్పుడు కూడా అడగాలి. "కోడలు ఇంట్లో ఉంటుందిలే" అని మనవాళ్లు అడగడమే మానేస్తారు. పదేళ్లు స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి, బ్యాంకులో ఆఫీసరుగా చేసిన మనిషి ఉన్నట్టుండి రోజంతా నాలుగు గోడల మధ్య ఉండటం ఆమెకి ఎంత కష్టమో నాకు స్వయంగా తెలుసు.

8. కొన్నాళ్లు విడిగా ఉండాల్సి వస్తే

తేదీ రాసుకుని విడిపోండి. "చూద్దాం, కుదిరినప్పుడు వస్తాను" అని విడిపోవద్దు. బ్రిటన్ మాస్టర్స్ ఏడాదైనా, కెనడాలో తొమ్మిది నెలలైనా, మళ్లీ కలిసే తేదీ, మధ్యలో ఒకసారి ఎవరు ఎవరి దగ్గరికి వస్తారు, ఆ టికెట్ డబ్బు ఏ ఖాతాలోంచి అన్నది ముందే రాసుకోవాలి. రోజూ మాట్లాడుకునే వేళ కూడా. ఇండియాలో రాత్రి తొమ్మిదిన్నర అంటే వేసవిలో న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండు. ఎవరి భోజనం వేళకి ఎవరి నిద్ర ఆపాలో తేల్చుకోండి. చిన్న పిల్లలుంటే విడిగా ఉండటం అనే గడిని వీలైనంత చివర పెట్టండి.

నేనిప్పుడు ఓపీటీ మీద మూడు గంటల దూరంలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్తాను. మా ఆవిడ థీసిస్ అయ్యేదాకా ఇలాగే ఉండాలని ముందే కూర్చుని మాట్లాడుకుని, ఒక కాగితం మీద రాసుకున్నాం. నిరుడు ఉగాది రోజు ఆ కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాం.

9. తేల్చుకునే వారం

గడువుకి పది రోజుల ముందు ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజు నాటికి మీ దగ్గర ఉండాల్సినవి: వీసా గళ్ల కాగితం, ప్రతి ఊరికీ నెల బడ్జెట్, అక్కడున్న ఒక జంటతో మాట్లాడిన సారాంశం, మొదటి రోజు రాసుకున్న రెండు కాగితాలు. ఒక్కో ఊరికీ తోడుగా వెళ్లే మనిషి మొదటి ఏడాది ఎలా గడుస్తుందో నెలనెలా రాయండి. ఏ ఊరికైతే ఆ పన్నెండు వరసల్లో ఎక్కువ ఖాళీగా మిగిలిపోతాయో, ఆ ఊరిని వదిలేయండి, ర్యాంకు ఎంతైనా సరే. మిగిలిన వాటిలో విద్యార్థి తన చదువుకి ఏది బాగుంటుందో ఎంచుకోవాలి. ఎవరైనా ఒకరు ఒక ఊరిని కాదంటే, కారణం వినండి, కానీ బతిమాలి ఒప్పించకండి.

వీసా రాకపోతే ఏం చేయాలో కూడా అదే రోజు మాట్లాడుకోండి. విద్యార్థికి వచ్చి రెండోవాళ్లకి రాకపోతే ఒక్కరే బయల్దేరతారా, సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేయమని అడుగుతారా? యూనివర్సిటీ వాయిదా ఇస్తుందో లేదో, ఫండింగ్ కూడా వాయిదా పడుతుందో లేదో ముందే మెయిల్ పెట్టి కనుక్కోండి. ఇండియాలో ఉన్న ఉద్యోగానికి రాజీనామా రెండు వీసాలూ పాస్‌పోర్టుల మీద పడ్డాకే ఇవ్వండి. వీలైతే రాజీనామాకి బదులు సెలవు అడగండి. నేను ఐ-20 రాగానే రాజీనామా చేసేశాను. నా ఎఫ్-2 ఇంటర్వ్యూ స్లాట్ కోసం రెండు నెలలు జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నాను.

సీటుకి ఒప్పుకున్న రోజే మిగిలిన యూనివర్సిటీలన్నిటికీ "రావడం లేదు" అని మెయిల్ పెట్టేయండి. ఆ సీటు కోసం వెయిటింగ్ లిస్ట్‌లో ఇంకెవరో ఎదురుచూస్తూ ఉంటారు. ఆ తర్వాత తోడుగా వెళ్లే మనిషి పేరు మీద ఒక ఫైలు తయారు చేయండి: డిగ్రీ, మార్కుల మెమోలు, అనుభవ పత్రాలు, ట్రాన్‌స్క్రిప్టులు, రికమండేషన్ ఇస్తామన్న ఇద్దరు ముగ్గురి ఈమెయిళ్లు. యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్లో ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించాలంటే ఇక్కడ ఉండగానే తిరగాలి. నావి కూకట్‌పల్లి జేఎన్‌టీయూ నుంచి మా తమ్ముడు తీసి పంపాడు. విద్యార్థి ఫైలు ఉన్న సూట్‌కేసులోనే ఈ ఫైలు కూడా పెట్టండి.